మరకలు తెలిసిన కాగితం

2022 ఆగస్టులో మన దేశంలో ముగిసిన 5జీ వేలంలో స్పెక్ట్రమ్ సుమారు లక్షన్నర కోట్ల రూపాయలు పలికింది. కంటికి కనబడని తరంగాలకు అంత ధర ఎందుకంటే, అవి సాగుభూమి లాంటివి; కొత్తగా పుట్టవు. ఉన్న చెక్కలోనే రెండో పంట, మూడో పంట తీయాలి. అలా తీసే ఉపాయాల్లో ముఖ్యమైనది ప్రీకోడింగ్. ఒకే క్షణంలో, ఒకే ఫ్రీక్వెన్సీ మీద, ఒకే టవర్ నుంచి పలువురికి వేర్వేరు సమాచారం పంపుతూ, ఎవరిది వారికే అందేలా సిగ్నళ్లను ముందుగానే కలిపి దిద్దడం దాని పని. టవర్ మీద 64 యాంటెన్నాల పెట్టె చూసి ఆ సంఖ్యలోనే గొప్పతనం ఉందనుకోవడం సహజం. నా ఉద్దేశంలో ఈ విద్యకు అసలు పెట్టుబడి వేరు: ప్రతి ఫోనుకూ తనకూ మధ్య దారి ఈ క్షణాన ఎలా ఉందో టవర్‌కు తెలియడం.

రెండు యాంటెన్నాలు, ఇద్దరు మనుషులు ఉన్నారనుకుందాం. మొదటి యాంటెన్నా పంపింది రమకు పూర్తిగా, రవికి సగం చేరుతుంది. రెండోది పంపింది రవికి పూర్తిగా, రమకు సగం. రమకు చెందిన సమాచారాన్ని మొదటి యాంటెన్నా నుంచి పంపితే అందులో సగం రవి ఫోనులో రొదగా పడుతుంది. దాన్నే రెండో యాంటెన్నా నుంచి కూడా సగం బలంతో, తలకిందులు చేసి పంపితే రవి దగ్గర సగానికి సగం చెల్లు, మిగిలేది సున్నా. రమకు ఒకటిలో పావు పోయి ముప్పావు అందుతుంది. కానీ ఇద్దరి దారులూ ఇంచుమించు ఒకేలా ఉండి, సగం బదులు పదింట తొమ్మిది వంతులు పక్కవారికి చేరుతుంటే, రవిని కాపాడేసరికి రమకు అయిదో వంతు కూడా మిగలదు. అందుకే ఇంజనీర్లు సున్నా పట్టుదల వదిలి, కొంచెం చిందినా సర్దుకుంటారు. యాంటెన్నాలు పెరిగేకొద్దీ ఇద్దరి దారులు అంతగా ఒకేలా ఉండే అవకాశం తగ్గుతుంది. సంఖ్యకున్న విలువ అక్కడ.

ఇంతకన్నా మంచి దారి సిద్ధాంతంలో ఉంది. కాగితం మీద మరకలెక్కడున్నాయో రాసేవారికి ముందే తెలిస్తే, చదివేవారికి తెలియకపోయినా సరే, తెల్లకాగితం మీద రాయగలిగినంతా దాని మీదా రాయవచ్చని 1983లో మాక్స్ కోస్టా నిరూపించారు. ఎంత అందమైన ఫలితం! టవర్‌కు ఆ మరక పరాయిది కూడా కాదు, రవి కోసం తానే పంపుతున్న సిగ్నల్. అనేక యాంటెన్నాల టవర్‌కు ఇదే అత్యుత్తమ పద్ధతి అని 2006లో వైన్‌గార్టెన్, స్టైన్‌బర్గ్, షమాయ్ తేల్చారు. మరి చిప్పులు ఇంత వేగంగా పనిచేసే కాలంలో ఇది వాడుకలోకి ఎందుకు రాలేదని అడగవచ్చు. లెక్క బరువన్నది నిజమే, కానీ దాంతో సమస్య తీరదు. మరక ఎక్కడుందో తప్పుగా తెలిస్తే ఎంత గొప్ప రాత అయినా చెడుతుంది.

ఆ తెలివిడి వచ్చేది ఫోను నుంచే. 5జీలో ఎక్కువగా వాడే 3.5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో పంపడం, అందుకోవడం వంతులవారీగా ఒకే ఫ్రీక్వెన్సీ మీద సాగుతాయి. ఫోను తెలిసిన గుర్తు సిగ్నల్ ఒకటి పంపితే, వచ్చిన దారే వెళ్లే దారి కనుక టవర్ దాన్ని చూసి లెక్క కట్టుకుంటుంది. కదిలే బస్సులో ఇది నిలుస్తుందా అన్న సందేహం న్యాయమైనదే. అక్కడ తరంగం నిడివి సుమారు 8.6 సెంటీమీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల బస్సు మూడు మిల్లీసెకన్లలోనే అందులో సగం దాటేస్తుంది. అప్పటికి పాత లెక్క పనికిరాదు, చెల్లు కావాల్సింది కూడికై కూర్చోవచ్చు. గుర్తులు వెంటవెంటనే పంపాలి, లేదా ఒకేసారి పంచుకునేవారిని తగ్గించాలి. ఈ సందేహం నా వాదనను గట్టిపరుస్తుందే గానీ పడగొట్టదు.

అన్నిటికన్నా బలమైన సాక్ష్యం 2010లో థామస్ మార్జెట్టా ఇచ్చారు. యాంటెన్నాలను అంతులేకుండా పెంచుకుంటూ పోతే అతి సులువైన ప్రీకోడింగ్ కూడా చాలునని, రొద దానంతట అదే అణగిపోతుందని ఆయన చూపించారు. ఒక్క దోషం మాత్రం ఎన్ని యాంటెన్నాలు పెట్టినా పోలేదు. గుర్తు సిగ్నళ్లు పరిమితం. పక్క టవర్ కింది ఫోను కూడా అదే గుర్తు వాడితే రెండు దారులూ కలిసిపోయి కనిపిస్తాయి. అప్పుడు మన టవర్ తన ఫోనుకు పంపే సిగ్నల్‌ను, తెలియకుండానే, ఆ పొరుగు ఫోను వైపు కూడా గురిపెడుతుంది.