మంచానికొక నర్సు ఉంటేనే అది ఐసీయూ

మా బామ్మర్ది ఒక వానాకాలం రాత్రి శెనక్కాయ సేనికాడ కావలి పండుకున్నాడు. అడివిపందుల బాధ మీకు తెల్సిందే. కింద పట్ట పరుసుకోని నిద్రపోయినాడు. తెల్లారి లేసి కడుపు నొప్పి అన్నాడు. రొంచేపటికి కండ్ల రెప్పలు వాలిపోయినాయి, మాట ముద్దయిపోయింది. గాటు లేదు, వాపు లేదు. రాత్రి తాగినాడేమోలే అన్నోళ్లు కూడా ఉండారు. కట్లపాము కాటు శానాసార్లు అట్లనే ఉంటాది. నిద్రలో కరుస్తాది, నొప్పి తెలీదు, పొద్దున్నే రెప్పలు లేవవు. ఆనెంక ఊపిరి తీసే కండరాలు కూడా పడిపోతాయి.

ఆస్పత్రికి పోయేటప్పటికి వానికి ఊపిరి ఆడటం లేదు. గొంతులో పైపు ఏసి వెంటిలేటర్ పెట్టినారు. పాముమందు ఎక్కించినారు. మందు ఎక్కినంత మాత్రాన ఊపిరి ఎనక్కి రాదు, దినాలు పడ్తాది. ఆరు దినాలు నేను ఐసీయూ బయట కూసుంటి. ఆ ఆరు దినాల్లో నాకు తెలిసొచ్చిన సంగతే ఈరోజు మీకు చెప్తాండా. మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పక్క ఇంటికొకరు నర్సింగు చదువుతాండారు, చదవాలనుకుంటాండారు. వాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు కూడా ఇందులోనే ఉండాయి.

ఆ రాత్రి డ్యూటీలో ఉండిన పాప ధర్మవరం మగ్గాల ఇంటి పిల్ల. "అన్నా, నాకు ఈ రాత్రి మూడు వెంటిలేటర్లు" అనింది. నాకు అర్థం కాలే. మిషన్లు మూడుంటే మంచిదే కదా అనుకుంటి. ఆ పాపే చెప్పింది. "మీ ఇండ్లల్లో చేతి మగ్గం చూసినారు కదా, ఒక మగ్గానికి ఒక మనిషి. మరమగ్గాలైతే ఒకడే నాలుగు చూసుకుంటాడు, పోగు తెగితే మగ్గం నిలబెట్టి ముడేస్తాడు. ఈడ మనిషిని నిలబెట్టేకి కాదన్నా."

ఐసీయూ అంటే మిషనా, మనిషా?

ఐసీయూ పుట్టిందే మనుషుల చేతుల్లో నుంచి. 1952లో డెన్మార్క్ దేశం కోపెన్‌హాగన్‌లో పోలియో ముంచుకొచ్చింది. పిల్లోళ్లకు ఊపిరి కండరాలు పడిపోతాండాయి. ఉండే మిషన్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు గొంతులో పైపు ఏసి, రబ్బరు సంచీ పిసికి గాలి పంపించొచ్చని చూపించినాడు. సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు షిఫ్టులేసుకోని రాత్రీ పగలూ చేత్తో సంచీ పిసికినారు. సావులు బాగా తగ్గినాయి. మరుసటేడాది 1953లో, ఇట్లాంటి రోగులందర్నీ ఒకే తావున పెట్టి, ఒక్క నిమిషం కూడా ఇడిసిపెట్టకుండా కనిపెట్టుకునే వార్డు ఆయన మొదలుపెట్టినాడు. అదే మొదటి ఐసీయూ అంటారు. ఒక మంచానికి ఎప్పుడూ ఒక మనిషి అనేదే దాని పునాది. మిషన్ ఆ చేతులకు సాయంగా వచ్చింది, బదులుగా కాదు.

అందుకే మన దేశంలో కూడా ఐసీయూలో మంచానికొక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ లెక్క. లెక్క ఏసి సూడండి. పది వెంటిలేటర్ మంచాలకు ఒక షిఫ్టుకు పది మంది. మూడు షిఫ్టులకు ముప్పై మంది. వారం సెలవు, జ్వరం, కాన్పు సెలవు అన్నిటికీ నూటికి ముప్పై మంది ఎచ్చు ఉండాలంటారు, అంటే ఇంకో తొమ్మిది. మొత్తం 39 మంది. మీ ఊరికి దగ్గర్లో "పది పడకల ఐసీయూ" అని బోర్డు కనబడితే ఈ 39 గుర్తుపెట్టుకోని లోపలికి పోండి.

అలారం మోగితే ముందు ఎవర్ని చూడాల?

కొత్తగా చేరిన పిల్లోళ్లు ఎక్కువగా భయపడేది దీనికే. ఆ పాప చెప్పిన జవాబు: ముందు మనిషిని చూడు, ఆనెంక మిషన్ని. ఛాతీ లేస్తాందా? ఒంటి రంగు ఎట్లుంది? ఆక్సిజన్ ఎంత చూపిస్తాంది? ప్రెజర్ ఎక్కువైందని మోగితే కఫం అడ్డం పడిందేమో, పైపు మడత పడిందేమో, రోగి పైపు కొరుకుతాండాడేమో. ప్రెజర్ పడిపోయిందని మోగితే పైపు ఊడిందేమో, యాడన్నా గాలి పోతాందేమో. కారణం దొరక్క మనిషి దిగజారిపోతాంటే మిషన్ తీసి, ఆక్సిజన్ తగిలించిన అంబు బ్యాగుతో చేత్తో ఊపిరి పట్టాల, గట్టిగా అరిచి మనుషుల్ని పిలవాల. పిలిచేది నామోషీ కాదు. గమ్మున ఉండేదే తప్పు.

మోగని పనులు ఇంకా శానా ఉండాయి. తల వైపు మంచం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి పెట్టాల, లేకుంటే కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తాది. నోరు శుభ్రం చెయ్యాల. సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాల, లేకుంటే ఈపు పుండ్లు పడ్తాది. కఫం గడియారం చూసి కాదు, అవసరం చూసి తియ్యాల, అదీ పదిపదైదు సెకన్లలో అయిపోవాల. రెప్పలు పడిపోయిన మనిషికి కండ్లు ఎండిపోకుండా మందు ఏసి మూసిపెట్టాల.

మన పక్క పురుగుమందు తాగిన కేసులు ఎక్కువ. దానికి అట్రోపిన్ ఇస్తారు. కంటిపాప పెద్దదయింది కదా చాల్లే అని ఆపేస్తే ప్రమాదం. ఛాతీలో గురగుర తగ్గిందా, నాడి 80 దాటిందా అనేది ముఖ్యం. మందు ఎక్కువైతే రోగి కాక కాక అయిపోయి, పిచ్చిపిచ్చిగా మాట్లాడ్తాడు. మందు పెంచాలా తగ్గించాలా అనేది డాక్టరు చెప్తాడు. మార్పు మొదట కనబడేది మాత్రం మంచం పక్కన నిలబడిన మనిషికే. ఆ మనిషి మూడు మంచాల మధ్యలో ఉరుకుతాంటే కనబడేదెట్ల?

జీఎన్‌ఎంనా, బీఎస్సీనా?

దుడ్లు, ఇంటి పరిస్థితి చూసుకోని ఏదైనా చదవండి. జీఎన్‌ఎం మూడేండ్లు, బీఎస్సీ నాలుగేండ్లు. జీఎన్‌ఎం చేసినోళ్లు తర్వాత రెండేండ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చెయ్యొచ్చు. ఎయిమ్స్ ఆస్పత్రుల్లో నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలకు నార్సెట్ పరీక్ష ఉంటాది. దానికి జీఎన్‌ఎం వాళ్లయితే 50 పడకల ఆస్పత్రిలో రెండేండ్లు పనిచేసిన అనుభవం చూపించాల. అందుకే అనుభవం కాగితం అప్పటికప్పుడే తీసుకోండి. ఐసీయూనే బతుకు అనుకునేటోళ్లకు క్రిటికల్ కేర్‌లో ఏడాది డిప్లొమా ఉంది, బీఎస్సీ వాళ్లకు రెండేండ్ల నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు ఉంది. మగపిల్లోళ్లు చదవచ్చునా అని ఇంకా అడుగుతాండారు. చదవండప్పా, సిగ్గెందుకు?

చేరేముందు హెపటైటిస్ బీ టీకా మూడు డోసులు ఏయించుకోండి. సూది గుచ్చుకుంటే పిండొద్దు, సబ్బు నీళ్లతో కడగండి, ఆ గంటలోనే చెప్పండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు ఎంత బిరీన మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే పని చెయ్యదు. "ఎవరన్నా ఏమన్నా అనుకుంటారు" అని దాచిపెట్టొద్దు.

జీతం, సర్టిఫికెట్లు, బయటి దేశాలు

2016 జనవరిలో సుప్రీంకోర్టు ప్రైవేటు నర్సుల జీతాల మీద కమిటీ ఏయమనింది. ఆ కమిటీ తేల్చింది ఇది: 200 పడకలు దాటిన ఆస్పత్రిలో సర్కారు నర్సుతో సమానంగా ఇవ్వాల. ఎంత చిన్న ఆస్పత్రయినా నెలకు 20,000 తగ్గకూడదు. ఇది ఎప్పటి లెక్కో సూడండి. ఇప్పటికీ 12 వేలకు, 14 వేలకు రాత్రి డ్యూటీలు చేసే పిల్లోళ్లు నాకు తెలుసు. సిఫార్సును రాష్ట్రాలు చట్టం చెయ్యకపోతే అది కాగితమే.

మా ఊరి పాప ఒకతె ఉద్యోగం మానేస్తానంటే, ఆ ఆస్పత్రోళ్లు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇయ్యమని కూసున్నారు. నలుగురం పోయి గట్టిగా అడిగితే మూడో దినం ఇచ్చినారు. చేరేటప్పుడు జిరాక్సులు ఇయ్యండి, ఒరిజినల్స్ చూపించి ఎనక్కి తీసుకోండి.

హిందూపురం నుంచి బెంగుళూరు రైల్లో పొద్దున పోతే మధ్యాన్నానికి ముందే చేరొచ్చు. అందుకే మన పిల్లోళ్లు ఆడికి పోతాండారు, ఆన్నించి గల్ఫు, ఇంగ్లండు, జర్మనీ. పోవడం తప్పు కాదు. ఇంగ్లండుకు ఇంగ్లీషు పరీక్ష, జర్మనీకి జర్మన్ భాష రావాల. ఏజెంటు కేంద్ర ప్రభుత్వం ఈ-మైగ్రేట్ జాబితాలో ఉండాడో లేదో చూడండి. చట్టం ప్రకారం వాని ఫీజు 30,000, దాని మీద పన్ను, అంతే. లక్షలు అడిగినాడంటే వాడు దొంగే. మన రాష్ట్ర ప్రభుత్వానిది ఓంక్యాప్ అనే సంస్థ ఉంది, ముందు ఆడ అడగండి.

మనం చెయ్యాల్సింది

పెనుకొండకు మెడికల్ కాలేజీ అన్నారు. అది సర్కారుదా ప్రైవేటుదా అని పార్టీలు కొట్లాడుకుంటాండాయి. కొట్లాడాల్సిందే. దాంతోపాటు నేనడిగేది ఇంకోటి. ఆడ మంచాలెన్ని అని కాదు, మంచానికి నర్సులెంతమంది? పర్మినెంటా, కాంట్రాక్టా?

ఈ ప్రశ్న మీరూ అడగొచ్చు. సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి మీకు దగ్గరుండే సర్కారు ఆస్పత్రికి ఒక కాగితం రాయండి. ఐసీయూ మంచాలు ఎన్ని, నర్సు పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని, రాత్రి షిఫ్టులో ఎంతమంది? ముప్పై దినాల్లో జవాబు ఇయ్యాల. ఊరికొకరు రాసినా ఈ జిల్లా లెక్క మన చేతిలో ఉంటాది.

మా బామ్మర్ది ఏడో దినం కండ్లు తెరిచినాడు. పైపు తీసినాక వాడు చెప్పిన మొదటి మాట: "అంతా ఇనపడ్తా ఉన్నింది బావా." కట్లపాము విషానికి ఒళ్లంతా పడిపోయినా తెలివి ఉంటాదంట. ఒక రాత్రి పైపు కదిలిందంట, అలారం మోగుతాండేది ఇనపడిందంట, వేలు కదిలిచ్చేకి కాలేదంట. "ఆ పాప 'వస్తాండా అన్నా, వస్తాండా' అనుకుంటా ఉరికొచ్చింది బావా. ఆ మాట పట్టుకోని ఉన్న్యా" అన్నాడు.

ఆ పాప పక్క మంచం దగ్గర నుంచి వచ్చింది కాబట్టి సరిపోయింది. నాలుగో మంచం దగ్గర ఉండింటే?