అప్పలస్వామి: మన ఇళ్లలో తగ్గిపోతున్న పేరు

ఈ మధ్య మన సెమిలిగుడలో ఒక బారసాలకు వెళ్లాను. బాబుకు ముత్తాతగారి పేరు అప్పలస్వామి పెట్టాలని పెద్దలు, బడిలో తోటిపిల్లలు ఏడిపిస్తారని తల్లిదండ్రులు. ఎటూ తేలలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఈ పేరుకు తినే అప్పాలతో సంబంధం లేదు. 'అప్ప' అంటే తండ్రి. సింహాచలం వరాహ లక్ష్మీనరసింహస్వామిని ఉత్తరాంధ్ర జనం అప్పన్న అని ప్రేమగా పిలుస్తారు. ఆయనకు మొక్కుకున్నాక పుట్టిన మగపిల్లలకు అప్పలస్వామి, అప్పలరాజు, అప్పలనాయుడు అనీ, ఆడపిల్లయితే అప్పలనరసమ్మ అనీ పెట్టుకునేవారు.

ఆ కొండతో మన బంధం పాతది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా కొరాపుట్ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. ఒడియా వారికీ ఆ స్వామి పరాయివాడు కాదు. కోణార్క్ గుడి కట్టించిన గంగవంశపు నరసింహదేవుడి పేరు సింహాచలం శాసనాల్లోనూ ఉంది.

ఇది మోటు పేరు అనుకునేవారు కథకులు అట్టాడ అప్పలనాయుడు గారిని, 2024లో విజయనగరం ఎంపీగా గెలిచిన కలిశెట్టి అప్పలనాయుడు గారిని తలచుకోవాలి. ఆ పేరు వారికి అడ్డు కాలేదు.

గుమస్తాగా పనిచేసినవాణ్ణి గనక ఒక సలహా. ఈ పేరు పెడితే జనన ధ్రువపత్రంలో పూర్తిగా రాయించండి. ఒక కాగితంలో 'ఎ. స్వామి', మరోదాంట్లో 'అప్పల' అని ఉంటే ఉద్యోగానికీ పింఛనుకూ తిప్పలే. ఇంట్లో ఏ ముద్దుపేరుతోనైనా పిలుచుకోండి, కాగితం మీద మాత్రం పెద్దల పేరు నిలవనివ్వండి.