కంఠస్థమైన విద్యయు, కంప్యూటరు పరీక్షయు



మన యిండ్లలో నొక మాట తఱచుగా వినవచ్చుచున్నది. "పిల్లకు డిగ్రీ యున్నది గాని చేతిలో పని లేదు, కంప్యూటరు పరీక్ష యేదైన నొకటి వ్రాయించిన బాగుండును" అని తల్లులు చెప్పుకొనుచుందురు. అది యే పరీక్ష, దాని నెట్లు చదువవలెను, దానివలన నేమి ఫలము అని యడిగినచో జవాబు చెప్పగలవారు తక్కువ. నేను బడికి పోయి చదివినదానను గాను. మా తండ్రిగారి యొద్ద అమరమును, కొన్ని కావ్యములును చదివి, బడిపంతులుగారి యిల్లాలినైతిని. అట్టిదానను ఈ విషయమున వ్రాయబూనుట సాహసమే. అయినను, రెండు సంవత్సరములుగా మా యింటి వసారాలో సాయంకాలములందు నలుగురు బాలికలు ఈ పరీక్షకు చదువుచున్నారు. మా వారు పాఠము చెప్పుదురు. వల్లింపజేయుట నా పని. ఆ పనిలో నొక పెద్ద పొరపాటు చేసి, దానిని దిద్దుకొన్నదానను గనుక, ఆ యనుభవము మీకు నుపయోగపడునేమో యని వ్రాయుచున్నాను.

ముందుగా పరీక్ష సంగతి చెప్పెదను. అమెరికా దేశమున 1982లో ఏర్పడిన కాంప్టియా యను సంస్థ 1993 నుండి 'ఏ ప్లస్' అను పరీక్షను నడుపుచున్నది. కంప్యూటర్ల మరమ్మతు, హెల్ప్‌డెస్కు మొదలగు తొలిమెట్టు కొలువులలో చేరగోరువారి కిది యుద్దేశింపబడినది. ఇందు భాగములు రెండు. ఇప్పటి వరుసలో మొదటిదాని సంఖ్య 220-1201, రెండవదానిది 220-1202. ఇవి 2025 మార్చిలో మొదలైనవి. ఒక్కొక్కదానిలో 90కి మించని ప్రశ్నలుండును. కాలము 90 నిమిషములు. మార్కులు 100 మొదలు 900 వఱకు గల కొలతపై నిత్తురు. మొదటిదానిలో 675, రెండవదానిలో 700 వచ్చిననే గెలుపు. రెండును గెలిచినవారికి యోగ్యతాపత్రము లభించును. అది మూడేండ్లు చెల్లును. రెండు భాగములకును రుసుము వేఱువేఱు. తప్పినచో మరల కట్టవలసినదే. మనవంటి యిండ్లకు అది చిన్న మొత్తము కాదు. పరీక్ష తెలుగులో లేదు; మన పిల్లలు ఇంగ్లీషుననే వ్రాయవలెను.

మొదటి భాగమున యంత్రము యొక్క అంగములు, నెట్‌వర్కులు, ఫోనులు, ల్యాప్‌టాపులు మొదలగునవి యుండును. రెండవ భాగమున విండోస్ మొదలగు ఆపరేటింగు సిస్టములు, భద్రత, పనిలో పాటింపవలసిన పద్ధతులు నుండును. మొదటి భాగమున నూటికి 28 పాళ్లు చెడినదానిని కనిపెట్టి బాగుచేయుటను గుఱించినవే. ఈ 28 అను సంఖ్యను నేను మొదట లక్ష్యపెట్టలేదు. నా పొరపాటంతయు నందే యున్నది.

సంగీతము నేర్చిన సోదరీమణులకు కటపయాది సంఖ్య తెలిసియే యుండును. క, ట, ప, య అను నక్షరములు ఒకటి. ఖ, ఠ, ఫ, ర అనునవి రెండు. ఇట్లు అక్షరములకు అంకెలు కల్పించి, వచ్చినవానిని కుడినుండి యెడమకు చదువుదురు. మేచకల్యాణి యను పేరులో 'మే' ఐదు, 'చ' ఆఱు. త్రిప్పి చదివిన 65. అదియే ఆ రాగము యొక్క మేళసంఖ్య. కంప్యూటర్లు ఒకదానితో నొకటి మాటలాడుకొను ద్వారములకును సంఖ్యలున్నవి. వానిని పోర్టు లందురు. పరీక్షకు అవి నోటికి రావలెను. ఈమెయిలు పంపు ద్వారము 25. దానికి 'శర' యని పేరు పెట్టితిని. శ ఐదు, ర రెండు. పేరు చెప్పిన చిరునామా యంకెను తెలుపు డీఎన్ఎస్ యొక్క ద్వారము 53, అది 'గుణ'. వెబ్ పుటలు వచ్చు పాత ద్వారము 80, అది 'నది'. ఇట్లు కూర్చి చెప్పగా, బాలికలు రెండు వారములలో అన్నియు అమరమువలె నప్పగించిరి. చూచినవారు మెచ్చుకొనిరి. నేనును గర్వపడితిని.

ఆ నలుగురిలో నొకతె మా వీథిలోని కోడలుపిల్ల. బి.ఎస్‌సి. చదివి, పెండ్లియై, బిడ్డతల్లియై, కుట్టుపనివలన కూడబెట్టిన సొమ్ముతో రుసుము కట్టినది. ధారణలో అందఱికంటె ఆమెయే మిన్న. విజయవాడకు పోయి పరీక్ష వ్రాసినది, తప్పినది. ఫలితము తెర మీదనే తెలిసినదట. సాయంకాలము బస్సు దిగి తిన్నగా మా యింటికే వచ్చి, వసారా మెట్టుపై కూర్చుండి, చాలసేపు మాటాడలేదు.

తరువాత నిట్లనెను. "అక్కయ్యగారూ, ప్రశ్నలు బయట చెప్పమని మాట యిచ్చి కూర్చుంటిమి గనుక వానిని చెప్పను. వాని తీరు మాత్రము చెప్పెదను. ఈ సంఖ్య యేమి, ఆ పేరేమి యని యడిగినవి కొద్ది. ఒక కథ చెప్పి, ఇట్టి సమయమున మొదట నేమి చేయుదువు అని యడిగినవే యెక్కువ. నాలుగు జవాబులును నాకు తెలిసినవే. ఏది మొదటిదో తెలియలేదు."

ఆ మాట నా గుండెలో నాటినది. తప్పు ఆ పిల్లది కాదు. నేను పేర్లు నేర్పితిని గాని పని నేర్పలేదు.

ఆ వారములోనే మఱియొక చిక్కు వచ్చినది. పరీక్షలో వచ్చు ప్రశ్నలే, జవాబులతో సహా, కొంత సొమ్ముకు అమ్మెదమని ఎవరో ఆమె ఫోనుకు వార్త పంపిరి. ఇట్టి బేరములు తఱచు. "ఇంత సొమ్ము పోయినది గదా, ఇంకొంచెము పెట్టి గట్టెక్కరాదా?" అని అత్తగారు పలికిరి. ఆమె మాటలో దురాశ లేదు, ఇంటి కష్టమున్నది. నేనును ఒక రాత్రి యంతయు తటపటాయించితిని. మా వారు మాత్రము నిబంధనలు చదివి వినిపించిరి. అట్టి దొంగ ప్రశ్నలతో వ్రాసినట్లు తేలినచో మార్కులు రద్దగును, మరల వ్రాయనీయకపోవచ్చును. అంతకంటె పెద్ద మాట ఆ పిల్లయే యన్నది. "కొలువులో చేరిన మొదటి దినముననే ఎవరో వచ్చి, యంత్రము పనిచేయుట లేదందురు. అప్పుడు ఆ కాగితము నా కేమి చెప్పును?" కుక్కతోక పట్టుకొని గోదావరి యీదినట్లగునని అత్తగారే పిమ్మట నవ్వుచు నొప్పుకొనిరి.

అంతట మేము పాఠము మొదటినుండి మార్చితిమి. కావ్యము చదువునప్పుడు మా తండ్రిగారు శ్లోకమునకు అర్థము ముందుగా చెప్పెడివారు కారు. క్రియను పట్టుకొమ్మనెడివారు. తరువాత ఎవడు? దేనిని? ఎప్పుడు? ఎట్లు? అని యడుగుచు, చెదరియున్న పదములను అన్వయక్రమమున కూర్పించెడివారు. పరీక్షలోని పొడుగాటి యింగ్లీషు ప్రశ్నకును ఇదియే మందు. కడపటి వాక్యమును ముందు చదువుము. అడిగిన దేమో తెలియును. 'మొదట' అన్నారా, 'అన్నిటికంటె మేలైనది' అన్నారా, 'మిక్కిలి సంభవమైన కారణము' అన్నారా? ఆ యొక్క మాటను విడిచినచో జవాబు తలక్రిందులగును. పిమ్మట కథలోనికి పోయి, ఇదివఱకే చేసిన దేమి, చేయకూడని దేమి యని యేఱుకొనవలెను.

మేము కల్పించుకొన్న యొక ప్రశ్నను చూడుడు. గుమాస్తా కంప్యూటరు నిన్నటి వఱకు బాగుగా నుండెను. నేడు దాని దీపము వెలుగుచున్నది గాని తెర నల్లగా నున్నది. మొదట నేమి చేయవలెను? క్రొత్త తెర కొనుటయా, లోపలి ర్యామును మార్చుటయా, విండోస్‌ను మరల నెక్కించుటయా, తెరకు వచ్చు తీగెలు బిగువుగా నున్నవో లేవో చూచుటయా? ఒక్కొక్కప్పుడు నాలుగును చేయవలసి రావచ్చును. మొదటిది మాత్రము తీగెలు చూచుటయే. దానికి ఖర్చు లేదు, నష్టము లేదు, అరనిమిషము పని.

ఈ పరీక్షలో దోషము కనిపెట్టుటకు ఆఱు మెట్లు చెప్పబడినవి. అవి మనకు క్రొత్తవి కావు. పొయ్యి మీద పాలు విరిగినవనుకొందము. పాలు ఎప్పుడు వచ్చినవి, ఏ గిన్నెలో పోసితిరని యడుగుదుము. అది మొదటి మెట్టు, సంగతి తెలిసికొనుట. గిన్నె సరిగా తోమలేదేమో యని శంకింతుము. అది రెండవది, కారణము నూహించుట. మిగిలిన పాలలో కొంచెము వేఱు గిన్నెలో కాచి చూతుము. అది మూడవది, ఊహను పరీక్షించుట. ఆ పాలు విఱుగకున్నచో దోషము గిన్నెదే యని యెంచి, దానిని చక్కగా తోమి తక్కిన పాలు కాతుము, అది నాలుగవది. అన్నియు బాగున్నవని చూచుకొని, ఇకమీదట గిన్నెను వెంటనే కడుగవలెనని కట్టడి చేయుదుము, అది యైదవది. జరిగినదంతయు వ్రాసి పెట్టుట యాఱవది. ఈ యాఱవ మెట్టును మన మిండ్లలో నెన్నడును ఎక్కము! కొలువులో మాత్రము అది తప్పనిసరి. రేపు వచ్చువానికి నేటి యనుభవము దక్కవలెను గదా.

మాటలతో చాలింపక, యంత్రమునే ముందుంచుకొంటిమి. బడిలో పనికిరాదని మూల పడవేసిన పాత కంప్యూటరు నొకదానిని, హెడ్మాస్టరుగారి యనుమతితో మా వారు తెచ్చిరి. కరెంటు తీగె ఊడదీయక మూత తాకరాదు. నైలాను చీర కట్టుకొనిన, దాని రాపిడివలన దేహమున విద్యుత్తు చేరి, సున్నితమైన భాగములను పాడుచేయవచ్చును. కనుక నూలుచీరలతో కూర్చుండి, లోపలి భాగము ముట్టుటకు ముందు ఇనుపపెట్టెను తాకుచుంటిమి. పవర్ సప్లై యను డబ్బాను మాత్రము విప్పరాదు. కరెంటు తీసిన పిమ్మటను దానిలో విద్యుత్తు నిలువయుండి ప్రమాదము చేయగలదు. నేటి పెద్ద కంప్యూటర్లలోని ర్యాము బిళ్లకు 288 స్పర్శస్థానములు, నడుమ నొక గంటు ఉండును. ఆ గంటు కుదిరిననే బిళ్ల దిగును. కుదరనిచో బలవంతము చేయరాదు. తొలుత వణకిన చేతులు పదియవ దినమునకు చూడకయే బిళ్ల తీసి పెట్టసాగినవి. విశేషమేమనగా, అంతకు ముందు కంఠస్థము చేసిన పేర్లు వ్యర్థము కాలేదు. వస్తువు కంటబడినప్పుడు పేరు సిద్ధముగా నుండెను. ధారణ చెడ్డది కాదు. ఒంటరి ధారణ చాలదు.

ఒకనాడు బడి ఆఫీసులో ప్రింటరు నిలిచిపోయినది. క్రొత్తది కొనవలెనని అందఱును నిశ్చయించుచుండగా, మా కోడలుపిల్ల పోయి, "నిన్నటికిని నేటికిని ఏమి మాఱినది?" అని యడిగినది. సున్నము వేయుటకై బల్ల జరిపితిమనిరి. బల్ల వెనుక నెట్‌వర్కు తీగె ఊడి వ్రేలాడుచుండెను. దానిని గ్రుచ్చినంతనే కాగితములు వచ్చినవి. ఆమె యింటికి వచ్చి ఆఱవ మెట్టును మఱవక తన పుస్తకములో వ్రాసికొన్నది. ఆ సాయంకాలమే, ఇక పరీక్షకు పోవచ్చునని నాకు తోచినది.

మొదటి తప్పు తరువాత రెండవమాఱు వెంటనే వ్రాయుటకు అడ్డి లేదు. మూడవమాఱునుండి మాత్రము 14 దినములు ఆగవలెను. మేము నాలుగు నెలలు ఆగి, మరల కుట్టుపని సొమ్ము కూడిన పిమ్మట పంపితిమి. మొదటి భాగము గెలిచినది. మార్కులు గొప్పవి కావు. గెలుపునకు వలసినదానికంటె కొంచె మెక్కువ. రెండవ భాగమునకు ఇప్పుడు చదువుచున్నది. కొలువు ఇంకను రాలేదు. యోగ్యతాపత్రము వాకిలి చూపును గాని లోపల కూర్చుండబెట్టదు. ఈ మాట పిల్లలకు ముందే చెప్పుట ధర్మము.

తమ పిల్లలను ఈ పరీక్షకు పంపదలచిన సోదరీమణులకు నాలుగు మాటలు. అమీరుపేటలోని బోర్డులు చూచి రుసుము కట్టుటకు ముందు, పరీక్షలో వచ్చు విషయముల పట్టికను ఆ సంస్థవారే యుచితముగా నిచ్చుచున్నారు గనుక దానిని తెప్పించి చదివింపుడు. పాత వరుస పుస్తకము కొనకుడు. 220-1101, 220-1102 అను వెనుకటి పరీక్షలు 2025 సెప్టెంబరులో నిలిచిపోయినవి. పేరు నమోదు చేయునప్పుడు, చూపబోవు గుర్తింపు కార్డులో నున్నట్లే వ్రాయింపుడు. పెండ్లియైన పిల్లకు ఒక కార్డులో పుట్టింటి పేరు, మఱియొకదానిలో అత్తింటి పేరు ఉండుట మనలో సామాన్యము. పేరు కలియనిచో గుమ్మము నుండియే మరల్చెదరు. అన్నిటికంటె ముఖ్యముగా, దినమునకు ఒక గంట ఆ పిల్లకు ఇంటిపని తప్పించి, ఆ కాలమును ఎవరును కాజేయకుండ కావలి కాయుడు.

యంత్రవిద్య మనకు రాదని వెఱవవలదు. పిల్లను ఎదుట కూర్చుండబెట్టుకొని, "ఏమి చెడినది? ఎందువలన? మొదట నేమి చేయుదువు?" అని యడుగుటకు డిగ్రీ యక్కఱలేదు. ఆ మూడు ప్రశ్నలకు తడువుకొనక జవాబు చెప్పిన దినమున రుసుము కట్టుడు. అంతవఱకు ఆ సొమ్ము పెట్టెలోనే యుండనిండు.