వంగినా వేగం తప్పని కీలు

సోలాపూర్ జోడ్‌భావి పేట్ లాంటి నేతపేటల్లో పెరిగిన తెలుగువాళ్లకు యంత్రం జబ్బు చెవితోనే తెలుస్తుంది. దుప్పట్లు, తువ్వాళ్లు నేసే సాంచాల మోతలో ఒక్క దెబ్బ లయ తప్పినా పక్క గదిలోంచే పోల్చుకుంటారు. అంత చెవి ఉన్నవాళ్లు కూడా మలుపులో కారు ముందు చక్రం టకటకమంటే "రోడ్డు బాగాలేదులే" అని సరిపెట్టుకోవడం చూస్తే బాధేస్తుంది. ఆ చప్పుడు చేసే కీలు వెనక మూడున్నర శతాబ్దాల ఆలోచన ఉంది.

సాంచాలో పైన క్రాంకు షాఫ్టు, కింద టాపెట్ షాఫ్టు. రెండూ సమాంతరంగా, ఇనుప చట్రంలో బిగిసి ఉంటాయి. సాదా నేతకు పైది రెండు చుట్లు తిరిగితే కిందది ఒకటి తిరుగుతుంది. ఆ లెక్కకు పళ్ల చక్రాలు చాలు. కారు ముందు చక్రానికి ఆ సుఖం లేదు. గుంతలో పడి లేవాలి, కుడిఎడమలకు తిరగాలి, అలా తిరుగుతూనే ఇంజన్ బలాన్ని నేలకు అందించాలి.

వంగిన కడ్డీని తిప్పే కీలును 1676లో రాబర్ట్ హుక్ ఇంగ్లండులో వర్ణించాడు. ఆయన ధ్యాస ఆకాశాన్ని చూసే పరికరాల మీద. రెండు పంగలు, వాటి మధ్య కూడిక గుర్తులాంటి ముక్క, అంతే. అంబాసిడర్ వెనక చక్రాలకు శక్తి మోసిన ప్రొపెల్లర్ షాఫ్టులో మన మెకానిక్కులు 'క్రాస్' అనేది దాన్నే. దానికో లోపం ఉంది. ఇవతలి కడ్డీ నిలకడగా తిరిగినా, అవతలిది ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పుంజుకుని రెండుసార్లు తగ్గుతుంది. 30 డిగ్రీల వంపులో ఆ ఊగిసలాట సుమారు 13 శాతం తక్కువ నుంచి 15 శాతం ఎక్కువ దాకా ఉంటుంది. పెద్దగా వంగని ప్రొపెల్లర్ షాఫ్టులో రెండు కొసలా రెండు క్రాసులు పెట్టి ఒకదాని తప్పును మరొకటి దిద్దేలా చేశారు. బాగా తిరగాల్సిన ముందు చక్రానికి అది సరిపోదు.

1920ల చివర్లో అమెరికాలో ఆల్ఫ్రెడ్ జెప్పా దీనికి దారి కనిపెట్టాడు. గిన్నెలాంటి బయటి భాగం, దాని లోపల గుండ్రటి ముక్క, రెండింటికీ వంపు గాడులు. ఆ గాడుల్లో ఆరు ఉక్కు గుళ్లు, వాటిని పట్టి ఉంచే పంజరం. కడ్డీల మధ్య కోణం ఎంతైనా, గుళ్లు ఆ కోణాన్ని సరిగ్గా సగం చేసే తలంలోనే నిలుస్తాయి. కనుక ఇరువైపులా వేగం ఒకటే. నాకు ఇది జ్యామితి గుళ్లై దొర్లుతున్నట్టు అనిపిస్తుంది. 1959లో అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ కారు ఈ రకం కీలును సామాన్యుడి బండిలోకి తెచ్చింది. మన దేశంలో 1983 చివర్లో వచ్చిన మారుతి 800తో ముందు చక్రాలే లాగే బండి ఇంటింటి సంగతైంది.

సీవీ (కాన్‌స్టంట్ వెలాసిటీ) జాయింటు అని పిలిచే ఈ కీలు తనంతట తాను పాడవడం అరుదు. దాన్ని కప్పే ముడతల రబ్బరు బూటు పగులుతుంది. చక్రం తిరిగే వేగానికి గ్రీజు బయటికి చిమ్ముతుంది, దుమ్మూ నీళ్లూ లోపలికి చేరి గాడులను అరగదీస్తాయి. చప్పుడు వినపడేది ఆ తరువాతే. కాబట్టి చెవికంటే కన్ను ముందుండాలి. చక్రం లోపలివైపు నల్లటి గ్రీజు చిమ్మిన గీతలు కనిపిస్తే, చప్పుడు లేకపోయినా ఆ రోజే గ్యారేజీకి పోవాలి.

స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు టకటకమంటే చక్రం వైపు కీలు అరిగిందని అర్థం. తిన్నగా పోతూ వేగం పెంచినప్పుడే బండి వణికితే గేర్‌బాక్సు వైపు కీలును అనుమానించాలి. వేగంతో పాటు పెరిగే గుయ్యిమనే మోత చాలాసార్లు చక్రం బేరింగుది.

చప్పుడు మొదలవకముందే దొరికితే ఖర్చు కొత్త బూటు, గ్రీజు, క్లిప్పులతో పోతుంది. హబ్ నట్టు వదులు చేసి, షాఫ్టు బయటికి తీసి, కీలు విప్పి కడిగి ఆరబెట్టాలి. ఏ గుండు ఏ గాడిలోదో గుర్తు పెట్టుకోవాలి. మామూలు పసుపు గ్రీజు పనికిరాదు. మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిసిన నల్ల గ్రీజు, కిట్‌లో ఇచ్చిన కొలత మొత్తం పెట్టాలి. గాడిలో వేలికి గుంత తగిలితే మాత్రం కీలే మార్చాలి. టకటకమనే దానికి గ్రీజు కూరితే కొన్నాళ్లు గొంతు తగ్గుతుంది, అరుగుదల ఆగదు. దాన్ని మరమ్మతు అనడానికి నేను ఒప్పుకోను.

బిగించాక ఖాళీ స్థలంలో స్టీరింగును రెండువైపులా చివరిదాకా తిప్పి మెల్లగా నడిపి వినాలి. కొన్ని రోజులయ్యాక బూటు క్లిప్పుల చుట్టూ వేలితో తడిమి, తడి తగలడం లేదని చూసుకున్నాకే తెలంగాణ పెళ్లిళ్లకు ఆ బండిని తీయాలి. సోలాపూర్ నుంచి హైదరాబాదు దాకా సుమారు 300 కిలోమీటర్లు.