మేడల ఎత్తు, వీధికి వెలుతురు

తన స్థలములో తాను ఎంత ఎత్తు మేడ కట్టుకొన్నను ఇతరుల కేమి? ఈ ప్రశ్న న్యూయార్కు నగరములో 1915లో తీవ్రమైనది. ఆ యేట బ్రాడ్వే వీధిలో ఈక్విటబుల్ భవనము పూర్తియైనది. స్థలము ఎకరమునకు కొంచెము తక్కువ. ఎత్తు 538 అడుగులు. వీధి గోడలు ఎక్కడను వెనుకకు జరుగక నిట్టనిలువుగా లేచినవి.

దాని నీడను విద్యార్థులే లెక్కకట్టవచ్చును. న్యూయార్కు అక్షాంశము సుమారు 41 డిగ్రీలు. డిసెంబరు చివరివారమునకు ముందు, దినము మిక్కిలి పొట్టిగా నుండునప్పుడు, అచట మట్టమధ్యాహ్నము సూర్యుడు క్షితిజమునకు 26 డిగ్రీల ఎత్తుననే యుండును. 538ని ఆ కోణపు టాంజెంటుచే భాగించినచో నీడ పొడవు సుమారు 1100 అడుగులు! వెలుతురు పోయి తమ గదుల బాడుగ తగ్గినదని ఇరుగుపొరుగు యజమానులు మొరపెట్టిరి.

ఈ ఒక్క మేడయే చట్టమునకు కారణమనుట అతిశయోక్తి. 1913లోనే ఒక సంఘము భవనముల ఎత్తును గూర్చి నివేదిక నిచ్చియుండెను. 1916 జులై 25న నగరమంతటికి మండల విభజన శాసనము వచ్చినది. నివాసములకు, వ్యాపారమునకు, ఏ నిర్బంధము లేనివాటికి వేర్వేరు మండలము లేర్పడినవి. అంతకంటె రసవత్తరమైనది ఎత్తు నియమము.

ఒక మండలములో గోడ వీధి వెడల్పునకు రెండున్నర రెట్లవరకు లేవవచ్చును. అనగా వీధి 100 అడుగులైన, గోడ 250 అడుగులు. ఆపైన కట్టదలచినచో, ఒక్కొక్క అడుగు వెనుకకు జరిగినకొలది ఐదేసి అడుగులు పైకి పోవచ్చును. ఈ ఐదు ఎక్కడిది? వీధి నడుమనుండి గోడ కొనకు ఒక గీత గీయుడు. అడ్డము 50, నిలువు 250, వాలు ఐదు. అనగా మేడ ఎంత పెరిగినను ఆ గీతను దాటరాదు. వీధి నడుమ నిలుచున్నవాని కంటికి ఆకాశము అంతకుమించి తరుగదు. ఒక సడలింపు మాత్రము కలదు: స్థలములో నాలుగవ వంతును మించని శిఖరము ఎంత ఎత్తైనను లేవవచ్చును. 1931లో పూర్తియైన ఎంపైర్ స్టేట్ భవనపు మెట్ల ఆకారము ఈ నియమము గీసినదే.

ఇట్టి కట్టడి ఆస్తిహక్కును హరించుట కాదా? ఒహైయో రాష్ట్రమున యూక్లిడ్ గ్రామములో 68 ఎకరములున్న ఆంబ్లర్ కంపెనీ, తన భూమి విలువ పడిపోయినదని వ్యాజ్యమాడెను. 1926లో అమెరికా సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల ఆధిక్యముతో గ్రామము పక్షమున తీర్పు చెప్పెను, ముగ్గురు సమ్మతింపలేదు.

న్యూయార్కులో పాత శాసనము 1961లో మారినది. అప్పటినుండి అంతస్తుల మొత్తము వైశాల్యము స్థలమునకు ఎన్ని రెట్లు ఉండవచ్చునను లెక్క ప్రధానమైనది.