గోంగూర కాడతో కవర్ అవుద్దా?

గోంగూర పచ్చడంటే ప్రాణం పెట్టేస్తాం కదా! అదే మొక్క కాడ నుంచి నార వస్తుందని మీలో ఎంతమందికి తెలుసు? మా శ్రీకాకుళం, విజయనగరం వైపు దాన్ని గోగునార అంటాం. కాడలు కోసి, కట్టలు కట్టి చెరువులో ఊరబెడతారు (ఆ వాసన మాత్రం అడక్కండి). తర్వాత నార ఒలిచి, కడిగి ఆరేస్తే గోనె సంచులకు సరుకు రెడీ. నెల్లిమర్లకి జూట్ మిల్లు పేరు అలా వచ్చిందే. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన కేంద్రంలో గోగు రకాల మీద పని చేస్తారు కూడా. కానీ సాగు బాగా తగ్గిపోయింది. మా మావయ్యా మానేసి మొక్కజొన్న వేస్తున్నాడు.

మొన్న ఊరెళ్తే, ‘నారతో పాలిథిన్ కవర్లు చేస్తన్నారంట, నిజమేటి అల్లుడూ?’ అని అడిగాడు.

నిజమే. బంగ్లాదేశ్ శాస్త్రవేత్త ముబారక్ అహ్మద్ ఖాన్ జనపనార సెల్యులోజ్‌తో ‘సోనాలీ బ్యాగ్’ చేశారు. మన తిరుమలలో 2021 ఆగస్టులో లడ్డూలకి డీఆర్‌డీవో సంచులొచ్చాయి, అవి మొక్కజొన్న పిండివి. అయితే ఉత్త పిండి ఫిల్ముకో జబ్బుంది. ఆరితే పెళుసు, తడిస్తే మెత్తన. మట్టి గోడలో గడ్డి కలిపినట్టు ఇందులో నార కలిపితే బలం వస్తుంది. పిండీ, సెల్యులోజూ రెండూ గ్లూకోజ్ గొలుసులే కాబట్టి ఒకదాన్నొకటి బాగా పట్టుకుంటాయి.

మావయ్య నమ్మలేదు. సరే, చేసి చూపిద్దామని మొక్కజొన్న పిండి, నీళ్లు, కాస్త గ్లిజరిన్ ఉడికించి రెండు స్టీలు పళ్లేల్లో పోశా. ఒకదాంట్లో గోగునార సన్నగా కత్తిరించి కలిపా. ఎండలో ఆరాక లాగితే ఉత్తది పర్రున చిరిగింది. నారది ఆగింది. ‘ఓర్నీ!’ అన్నాడు. ఇంకాస్త గట్టిగా లాగేసరికి నార ముద్దకట్టిన చోట అదీ తెగింది. అందుకే ల్యాబుల్లో ముందు లిగ్నిన్ తీసేసి, నారని కంటికి కనపడనంత సన్నగా చేస్తారు. ఖర్చంతా అక్కడే.

నీళ్లలో వేస్తే రెండూ మెత్తబడ్డాయి. మన పలాస జీడిపప్పుకి తేమ తగిలితే మెత్తబడిపోతుంది కదా, దానికి ఈ ఫిల్ము ఒక్కటే చాలదు. పైన తేమని ఆపే పూత కావాలి. ఆ పూత కూడా మట్టిలో కలిసేదే అయ్యుండాలి. లేకపోతే ఇంత కష్టం దేనికి? పీఎల్ఏ అనే బయోప్లాస్టిక్‌నే చూడండి, సుమారు 60 డిగ్రీల వేడుండే కంపోస్టులో కలుస్తుంది గానీ, మురిక్కాలవలో పారేస్తే చాలాకాలం అలాగే ఉంటుంది.

‘అయితే వచ్చే ఏడు ఎకరం గోగు వేసీమంటావేటి?’ అన్నాడు మావయ్య. కొనేవాళ్లెవరో తెలిసేదాకా వద్దన్నా. గట్టు మీద నాలుగు వరసలు మాత్రం వేస్తాడట, అత్తయ్య పచ్చడికి.