రవంత తేడా, బోలెడంత అర్థం

ఏడో తరగతి అబ్బాయి ఒకడు నా దగ్గరికొచ్చి, "గివ్ మీ ఎ లిటిల్ పెన్" అన్నాడు. పిల్లలు నవ్వారు. వాడు అడిగింది చిన్న పెన్ను కాదు. ఇంట్లో "రవంత పెన్నిస్తారా" అన్నట్టే అడిగాడు. అక్కడ మన 'రవంత' కొలత కాదు, మర్యాద. ఇంగ్లీషులో ఆ పని 'ప్లీజ్' చేస్తుంది.

2006 నాటి తమిళ అభ్యసన చట్టం వచ్చాక హోసూరు, కృష్ణగిరి తెలుగు పిల్లలు బడిలో మూడు భాషలు నేరుస్తున్నారు. "ఇంట్లో తెలుగు మానేస్తే ఇంగ్లీషు బాగా వస్తుందా?" అని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. మానొద్దు. 'కొంచెం' అనే ఒక్క మాటనే చూడండి.

మామిడికాయలైతే 'కొన్ని' అంటాం, పాలైతే 'కొంచెం' అంటాం. లెక్కపెట్టగలిగితే 'ఎ ఫ్యూ', లేకపోతే 'ఎ లిటిల్'. ఈ తేడా బిడ్డకు ఇంట్లోనే వచ్చేసింది. మనుషులకు మనం 'కొందరు' అని వేరే మాట వాడతాం. ఇంగ్లీషులో వాళ్లకూ 'ఎ ఫ్యూ'యే.

పరీక్షలో ఎక్కువగా తప్పేది 'ఎ' దగ్గర. "కెలవరపల్లి డ్యాంలో కొంచెం నీళ్లున్నాయి" అంటే ఉన్నాయన్న ఊరట. అది 'ఎ లిటిల్ వాటర్'. "కొంచెమే ఉన్నాయి" అంటే చాలవన్న దిగులు. అది వట్టి 'లిటిల్ వాటర్'. తెలుగులో 'ఏ' చేరితే కొరత. ఇంగ్లీషులో 'ఎ' పోతే కొరత. తమిళంలో 'కొంజం'కు 'దాన్' చేరిస్తే ఇదే అర్థం. 'ఎ ఫ్యూ', 'ఫ్యూ'లకూ ఇదే సూత్రం. ఇలా చెబితే పిల్లలు మరచిపోవడం లేదు.

ఇక వంటింటి కొలతలు. చిటికెడు ఉప్పు 'ఎ పించ్ ఆఫ్ సాల్ట్', గుప్పెడు బియ్యం 'ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ రైస్', చుక్క నూనె 'ఎ డ్రాప్ ఆఫ్ ఆయిల్'. మనకు మధ్యలో ఏ మాటా అక్కర్లేదు కాబట్టి పిల్లలు 'ఆఫ్' వదిలేసి 'ఎ పించ్ సాల్ట్' అని రాస్తారు. ఉపాధ్యాయులు అక్కడ ఒక్క గీత గీసి చూపిస్తే చాలు.

అమ్మలకు ఒక మనవి. ఇంగ్లీషు రాదని వెనకాడకండి. ఈ రాత్రి సంగటి కెలికేటప్పుడు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని చిటికెడు, గుప్పెడు, రవంత అంటూ చేత్తో చూపించండి. ఇంగ్లీషు పేర్లు మేం బడిలో చెబుతాం. తెలుగు మాటే తెలియని బిడ్డకు మాత్రం మేం రెండుసార్లు నేర్పాలి.